మండిలో కొలిచిన డ్రెస్సు: కావలిలో ఒక కూచిపూడి అమ్మాయి తన ఆహార్యం తానే కుట్టుకున్న కేసు

ఈ కేసు నా దగ్గరికి ఒక ప్లాస్టిక్ కవర్లో వచ్చింది. పోయిన ఏడాది మార్చి నెలాఖరు. బిట్రగుంట నుంచి ఒకావిడ, ఆమె వెనకాల పదిహేడేళ్ళ కూతురు. ఆవిడ కవర్లోంచి కుంకుమ రంగు పట్టు పైజమా తీసి కటింగ్ బల్ల మీద పెట్టి, "దీన్ని అతికి ఇయ్యగలవా అక్కా?" అని అడిగింది. కూతురు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రాలేదు. ఆ పైజమా వైపు చూడను కూడా లేదు.

కావలిలో మిషన్ పెట్టి నాకు 19 ఏళ్ళు. జాకెట్లు, లంగా ఓణీలు, స్కూలు యూనిఫారాలు కుడతాను, మధ్యాహ్నాలు ఆడపిల్లలకి కుట్టు నేర్పుతాను. డాన్స్ డ్రెస్సులు మొదట్లో రిపేరుకి వచ్చేవి. ఊళ్ళో మాస్టారు గారి దగ్గర కూచిపూడి నేర్చుకునే పిల్లలు హుక్కు ఊడిందనో, పొట్టి అయిందనో తెచ్చేవాళ్ళు. వాటిని విప్పి కుట్టి, విప్పి కుట్టి, లోపల ఏముంటుందో తెలుసుకున్నాను. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను. డాన్స్ డ్రెస్సు కుట్టేవాళ్ళకీ, కుట్టుకోవాలనుకునే పిల్లలకీ ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి. ఆ అమ్మాయి పేరు రాయను, పాప అనే అంటాను. మా వైపు ఆడపిల్లని అట్టాగే పిలుస్తాం.

జరిగింది వాళ్ళమ్మ చెప్పింది. పాప ఎనిమిదేళ్ళుగా నేర్చుకుంటోంది. సంక్రాంతి తర్వాత ఒక గుడి ఉత్సవంలో ప్రోగ్రాం. దాని కోసం వేరే ఊళ్ళో ఒక షాపుకి ఫోన్లో కొలతలు పంపి 9,500 రూపాయలకి డ్రెస్సు కుట్టించారు. తరంగంలో, అంటే ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే అంశంలో, పళ్ళెం దిగాక పూర్తి మండిలో (మోకాళ్ళు పూర్తిగా మడిచి మడమల మీద కూర్చునే భంగిమ) కూర్చున్నప్పుడు పైజమా సీటు దగ్గర విచ్చుకుంది. చప్పుడు తనకి వినపడింది. ముందున్న కుచ్చిళ్ళ ఫ్యాన్ అడ్డం కాబట్టి జనానికి కనపడలేదు. కానీ తనకి తెలుసు కదా. మిగతా ఆటంతా మోకాళ్ళు దగ్గర పెట్టుకుని, వంగాల్సిన చోట వంగకుండా ఆడి దిగింది. అప్పటి నుంచి క్లాసుకి వెళ్తోంది కానీ, స్టేజీ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతోంది.

పైజమా చెప్పిన సంగతి

వాళ్ళని కూర్చోబెట్టి, పైజమాని లోపలి వైపు తిప్పి కిటికీ దగ్గర వెలుగులో చూశాను. చిరిగిన బట్ట వస్తే నేను ముందు చూసేది దారం. కుట్టు దారం తెగితే ఒక జబ్బు, గుడ్డ చిరిగితే ఇంకో జబ్బు. ఇక్కడ రెండూ కాదు. కుట్టు కుట్టులాగే ఉంది, ఒక్క పోగు తెగలేదు. ఆ కుట్టుకి రెండు వైపులా పట్టు పోగులు జరిగిపోయి, దువ్వెన పళ్ళలాగా సందులు పడ్డాయి. పట్టు పోగు నునుపు. గట్టిగా లాగితే తెగకముందే పక్కకి జారుతుంది. లోపలికి వదిలిన మార్జిన్ పావు అంగుళమే ఉంటే జారిన పోగులు ఆ పావు అంగుళం దాటి బయటికి వచ్చేస్తాయి. జరిగింది అదే.

ఇంకొకటి కూడా కనపడింది. లైనింగ్ వేశారు కానీ పట్టుతో కలిపి కుట్టలేదు. విడిగా, వదులుగా, లోపల ఇంకో పైజమాలాగా వేలాడుతోంది. అట్టా వేస్తే లైనింగ్ ఒళ్ళు గుచ్చుకోకుండా కాపాడుతుంది, పట్టు మీద పడే బరువుని మాత్రం పంచుకోదు. లాగుడంతా పట్టు ఒక్కటే మోసింది.

ఆ షాపు వాళ్ళ పనితనాన్ని నేను తక్కువ చేయను. పైకుట్టు చాలా శుభ్రంగా ఉంది. వాళ్ళకి అందిన కొలతలు నిలబడి తీసినవి. నిలబడ్డ మనిషికి ఆ పైజమా సరిగ్గా సరిపోతుంది. కూచిపూడి ఆడే మనిషి నిలబడేది ఎంతసేపు?

ఆ మాట పైకే అన్నాను. గుమ్మం దగ్గరున్న పాప అప్పుడు లోపలికి వచ్చింది. "అయితే నేను లావయ్యానని కాదా ఆంటీ?" అంది. రెండు నెలలుగా ఆ పిల్ల తన ఒంటినే తప్పు పడుతోందని అప్పుడు తెలిసింది. భోజనం కూడా తగ్గించిందంట. నాకు చాలా బాధేసింది. పోగులు జరిగిన చోట తన వేలు పెట్టించి, ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పాను. "నీ ఒళ్ళు కాదు పాపా, కొలత తప్పు" అన్నాను.

రిపేరు చేయనన్నాను. అతికినా మళ్ళీ మండిలో కూర్చోగానే అదే చోట జారుతుంది. కొత్తది కుట్టిస్తానంటే వాళ్ళమ్మ ముఖంలో డబ్బు లెక్క కనపడింది. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, సెలవులు. "పాపే నేర్చుకుని కుట్టుకుంటే?" అన్నాను. ఎక్కడ లాగుతోందో, ఎక్కడ బిగుస్తోందో ఆడే మనిషికి తెలిసినట్టు బయటి టైలరుకి తెలియదు. నేను కొలిచేది టేపుతో, తను కొలిచేది ఒంటితో. ఈ రెండూ ఒక మనిషిలో ఉంటే మంచి డ్రెస్సు వస్తుందని నాకు ఎప్పటి నుంచో ఉండేది.

మొదటి మూడు వారాలు

పాపకి అప్పటికి వచ్చిన కుట్టుపని హుక్కులు కుట్టుకోవడం ఒక్కటే. ఏప్రిల్ మొదటి వారం నుంచి రోజూ పొద్దున బిట్రగుంట నుంచి వచ్చేది. అందరికీ చేయించినట్టే దారం లేకుండా కాగితం మీద గీతల వెంట మిషన్ తొక్కించాను. నా దగ్గర ఇప్పటికీ తొక్కుడు మిషన్లు రెండున్నాయి. కొత్తవాళ్ళకి కాలు ఆడటమే కష్టం, చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతుంది. పాపకి రెండో రోజుకే కాలు కుదిరింది. తకధిమి తకజణు అని లోలోపల అనుకుంటూ తొక్కేది, కుట్టు సమానంగా పడేది. చేతులు మాత్రం తొందరపడేవి. గుడ్డని ముందుకి లాగేసేది. గుడ్డని సూది కింద ఉండే పళ్ళే తీసుకుపోతాయి, మన చెయ్యి దారి చూపిస్తే చాలు అని ఎన్నిసార్లు చెప్పానో. దిండు గలీబులు నాలుగు, లోపలి లంగా ఒకటి, వాళ్ళమ్మకి ఒక జాకెట్టు కుట్టాక ఆ తొందర తగ్గింది.

అప్పుడు టేపు తీశాం.

నిలబడి ఒకసారి, అరమండిలో (మోకాళ్ళు పక్కలకి సగం వంచి నిలబడే భంగిమ) ఒకసారి, పూర్తి మండిలో ఒకసారి కొలిచాం. ఒక కాలు పక్కకి చాపి కూర్చునే భంగిమలో ఇంకోసారి. మాస్టారు గారిని అడిగి, ఆ ప్రోగ్రాంలో వచ్చే అన్నిటికంటే లోతైన భంగిమలు ఏవో పాప ఒక కాగితం మీద రాసుకొచ్చింది. ఇది నేనెప్పుడూ చేయలేదు. ఇకమీదట ఎవరు వచ్చినా ముందు ఈ కాగితమే అడుగుతాను.

అంకెలు ఇవి. ముందు నడుము నుంచి కాళ్ళ మధ్యగా వెనక నడుము దాకా నిలబడితే 25 అంగుళాలు, అరమండిలో 26½, పూర్తి మండిలో 29. విచ్చుకున్న పైజమాలో అదే కొలత 25½. మూడున్నర అంగుళాలు తక్కువ. మోకాలి చుట్టు నిలబడితే 13½, మండిలో 15½. నడుము వంగితే ఒకటిన్నర పెరిగింది. చేతులు ముందుకి చాపితే వీపు అడ్డం 13 నుంచి 15 అయింది. 29 అని టేపు మీద చూసినప్పుడు పాప చాలాసేపు ఏమీ అనలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం సరిగ్గా తిన్నదని మర్నాడు వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పింది.

కోరా గుడ్డ మీద గీతలు

ఎంత తక్కువో టేపు చెప్పింది, ఎక్కడ తక్కువో చెప్పదు. దానికి నేను వాడేది కోరా గుడ్డ. పట్టుని కోసే ముందు మీటరు 60 రూపాయల కోరాతో పైజమా కుట్టించాను. తుంటి నుంచి మోకాలి దాకా రెండేసి అంగుళాలకి ఒక అడ్డగీత పెన్సిల్‌తో గీయించాను. నిలబడితే గీతలన్నీ నేలకి సమానంగా ఉన్నాయి. మండిలో కూర్చోమన్నాను.

ముందు వైపు గీతలు అంతగా కదల్లేదు, గుడ్డ ముడతలు పడింది. అంటే అక్కడ గుడ్డ ఎక్కువే ఉంది. వెనక వైపు నడుము దగ్గరి గీత మధ్యలో కిందికి దిగి, ఊయలలాగా వంగింది. బొందు కట్టిన చోటు రెండు అంగుళాలు జారింది. తొడల లోపలి వైపు గీతలు కాళ్ళ మధ్యకి కోసుగా లాక్కుపోయాయి. నాలుగు వైపుల నుంచీ లాగుడు ఒకే బిందువు దగ్గరికి వస్తోంది. నాలుగు కుట్లు కలిసే చోటు అది. పాత పైజమా విచ్చుకున్నదీ సరిగ్గా అక్కడే.

ఫోన్లో ఫోటో తీసి పాపకి చూపించాను. నేను నోరు తెరవకముందే, "వెనక ఎత్తు పెంచాలి, ముందు వద్దు, ఇక్కడ ఇంకో ముక్క కావాలి" అంది. నాకు ఈ సంగతి తెలియడానికి ఏళ్ళు పట్టింది.

వెనక నడుముని రెండు అంగుళాలు ఎత్తి కోశాం. కాళ్ళ మధ్య నాలుగు అంగుళాల డైమండ్ ముక్క క్రాసుగా, అంటే పోగులకి ఏటవాలుగా, కోసి అతికించాం. క్రాసుగా కోసిన గుడ్డకి సాగే గుణం ఉంటుంది. అది రాగానే నాలుగు కుట్లు ఒకే బిందువు దగ్గర కలవడం తప్పింది, బరువు నాలుగు మూలలకి పంచుకుపోయింది. మళ్ళీ కొలిస్తే 30 వచ్చింది. ఆ కోరా పైజమాతో పాప ఆరు రోజులు క్లాసు చేసింది. కత్తిరి ఎండల్లో గంటన్నర సాధన, చెమటకి తడిసి ముద్దయ్యేది. ఎక్కడా జారలేదు. ఆరో రోజు దాన్ని కుట్లు విప్పించి, ఇస్త్రీ చేయించి, దాన్నే కటింగ్ కాగితంలాగా పట్టు మీద పరిచాం.

చీర

చీర విషయంలో ఇంట్లో కొంచెం పట్టింపు వచ్చింది. వాళ్ళ అవ్వ దగ్గర పాత వెంకటగిరి చీర ఉంది. సన్నటి నూలు, చిన్న జరీ బుటాలు, పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే ఉండదు. మనవరాలి డ్రెస్సు దాంతోనే కుట్టాలని అవ్వ పట్టు. ఫ్యాన్‌కి అది పనికిరాదు. అంత మెత్తటి గుడ్డలో కుచ్చిళ్ళు నిలబడవు, రెండు జతులకే వాలిపోతాయి. ఫ్యాన్ విచ్చుకుని మళ్ళీ టక్కున మూసుకోవాలంటే గుడ్డకి కొంచెం బిరుసు ఉండాలి. పైటకి మాత్రం దానికి మించింది లేదు. భుజం మీద బరువుండదు, గిరుక్కున తిరిగితే ఒంటిని అంటుకునే ఉంటుంది. అట్టా అవ్వ చీర పైట అయింది.

అవ్వ ఇంకో మాట కూడా అంది. "మా కాలంలో చీరే కట్టుకుని ఆడేవాళ్ళు. ఈ కుట్టిన గుడ్డలేంది?" అవ్వ అన్నది నిజమే. కూచిపూడి అగ్రహారంలో భాగవతులు ఆడవేషాలకి చీరలే కట్టేవాళ్ళు. కుట్టిన డ్రెస్సు తర్వాత వచ్చింది. భరతనాట్యంలో 1930లలో నాట్యకారిణి రుక్మిణీదేవి అరండేల్ కొత్త ఆహార్యం (నాట్య వేషం) తయారు చేయించినప్పుడు మద్రాసులో మేడమ్ కజాన్ అనే ఇటలీ కుట్టుపనిమనిషి సాయం చేసింది. నాట్యం పుస్తకాల్లో కనపడే కుట్టుపనివాళ్ళ పేర్లు చాలా తక్కువ. అందుకే ఆ పేరు నా దగ్గర నేర్చుకునే ప్రతి పిల్లకీ చెప్తాను.

పట్టుచీర పాపే ఎంచుకుంది. చీరాల నుంచి తెచ్చిన కుప్పడం, నెమలికంఠం రంగుకి రాణి రంగు అంచు, 4,200 రూపాయలు. వాళ్ళమ్మ ఎనిమిది అంగుళాల పెద్ద అంచు తీసుకుందామంది. పాప వద్దంది. తన ఎత్తు ఐదడుగులు. పెద్ద అంచు మోకాలి దగ్గర అడ్డంగా పడితే మనిషి రెండు ముక్కలుగా కనపడుతుందని తనకి అనిపించింది. ఆ మాట సరా కాదా అని చూడటానికి రెండు చీరల్నీ తన ముందు కుచ్చిళ్ళు పెట్టి కట్టి, మా వీధి చివర నిలబెట్టి ఫోన్లో ఫోటోలు తీశాం. దగ్గర్నుంచి బ్రహ్మాండంగా ఉన్న పెద్ద అంచు, ముప్పై అడుగుల దూరం నుంచి పిల్లని పొట్టిగా చేసింది. నాలుగు అంగుళాల అంచులో కాళ్ళ కదలిక స్పష్టంగా తెలిసింది. డ్రెస్సు డిజైన్ అద్దం ముందు కాదు, హాల్లో చివరి వరస నుంచి చూడాలని నేను చెప్పాల్సిన పాఠం ఆ ఫోటోలే చెప్పాయి.

చీర ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. జాకెట్టు ముక్క వేరే. పైజమాకి 62, ఫ్యాన్‌కి 60, కొంగు భాగం 36 వెనక సీటు ముక్కకి (నడుము వెనక సీటు మీదికి కట్టేది). మిగిలిన 58 అంగుళాలు ప్రోగ్రాం అయ్యేదాకా ముట్టుకోవద్దని పక్కన పెట్టించాను. పై అంచు కోసి నడుము పట్టీకి వాడాం. కత్తెర మొదటిసారి పట్టులో దిగేటప్పుడు పాప చెయ్యి వణికింది. నా చెయ్యి దాని మీద పెట్టలేదు, పక్కనే నిలబడ్డాను.

పైజమాలో పట్టునీ, నూలు లైనింగునీ ముందు కచ్చా కుట్టుతో ఒకే గుడ్డలాగా కలిపి, ఆ తర్వాతే అతికించాం. మార్జిన్ ముప్పావు అంగుళం. సీటు కుట్టు పాలిస్టర్ దారంతో, అంగుళానికి పన్నెండు కుట్లు పడేట్టు రెండు వరసలు. సూది 11 నంబరు. లావు సూది పట్టుకి పెద్ద బొక్కలు పెడుతుంది, ఆ బొక్కల వెంటే పోగులు జరగడం మొదలవుతుంది.

ఫ్యాన్ దగ్గర నా తప్పు

ఫ్యాన్ లెక్క సులువే. మడత లోతు ఒకటిన్నర అంగుళం, ఒక్కో కుచ్చికి మూడు అంగుళాల గుడ్డ, 20 కుచ్చిళ్ళకి 60. అంచు కింద వచ్చేట్టు పెట్టి, ప్రతి మడతకీ స్కేలుతో గుర్తు పెట్టి, మడిచి, కచ్చా కుట్టు వేసి, ఇస్త్రీతో గీత దింపాలి. పాప మడతలన్నీ వేసింది. నాలుగు గంటలు కదలకుండా కూర్చుని వేసింది. ఇస్త్రీ మాత్రం నేను చేస్తానన్నాను, పట్టు కాలుతుందని భయం.

కాల్చింది నేనే. అంచు మీద పెట్టె ఆనించగానే జరీ చిటపటమని ముడుచుకుపోయింది. ఐదు అంగుళాల మేర రాణి రంగు అంచు దగ్గరికి లాక్కుని, ఎండిన ఆకులాగా అయింది. అది ప్లాస్టిక్ పూత పోగుల జరీ. వేడికి కరుగుతుంది. కొంగు చివర నుంచి ఒక్క పోగు లాగి అగ్గిపుల్ల దగ్గర పెట్టి చూసుంటే తెలిసేది. ప్లాస్టిక్ పోగు పూసలాగా ఉండ కడుతుంది, నూలు పోగో పట్టు పోగో అయితే బూడిద అవుతుంది. పదిహేను ఏళ్ళ కిందట నేర్చుకున్న పరీక్ష అది. చీర అమ్మిన షాపు వాళ్ళు మంచి జరీ అన్నారని నమ్మి ఆ రోజు చేయలేదు. అది నా బాధ్యత, ఎవరి మీదా పెట్టను. ఆ పిల్ల నాలుగు గంటల పని మీద ఆ మచ్చ చూసి నా గుండె జారిపోయింది.

పాప ఏడుస్తుందనుకున్నాను. కాసేపు అంచుని చేత్తో నిమిరి, "పక్కన పెట్టింది ఉంది కదా ఆంటీ" అంది.

కాలిన భాగం రెండు కుచ్చిళ్ళలో పడింది. ఆ ఆరు అంగుళాలు కోసేసి, దాచిన గుడ్డలోంచి అంచుతో సహా కొత్త ముక్క తీసి అతికించాం. అతుకు కుచ్చి లోపలి మడతలో పడేట్టు చూశాం. ఫ్యాన్ పూర్తిగా విచ్చుకున్నా లోపలి మడత వెనక్కే ఉంటుంది కాబట్టి అతుకు బయటికి రాదు. ఆ అతుకుని పాపే కుట్టింది. ఈ రోజు నన్ను చూపించమన్నా వెతుక్కోవాలి. ఇస్త్రీ మళ్ళీ చేసింది కూడా తనే, తడి నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడి మీద, ఒక్కో మడతకీ ఆగి ఆగి. తర్వాత మడతల్ని గుడ్డపీలికలతో మూడు చోట్ల కట్టి, బీరువా కింద, చెక్కపలక బరువుగా పెట్టి రెండు రోజులు వదిలేశాం. బకరం (బిరుసు కోసం లోపల వేసే గుడ్డ) పై మూడు అంగుళాలకే వేశాం. కింది దాకా వేస్తే ఫ్యాన్ అట్టలాగా నిలబడి అడుగు కనపడనివ్వదు.

జాకెట్టు గురించి ఒక్క మాట. డాన్స్ పిల్లలందరూ చంక దగ్గర వదులు అడుగుతారు. చంక కిందికి దించి వదులు పెడితే చెయ్యి ఎత్తిన ప్రతిసారీ జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. చంకని ఒంటికి దగ్గరగా, పైకి కోసి, కింద చిన్న క్రాస్ ముక్క పెడితే చెయ్యి ఒక్కటే లేస్తుంది, జాకెట్టు కదలదు. పాప నమ్మలేదు. ఒక చంక అట్టా, ఇంకో చంక ఇట్టా కోరా గుడ్డలో కుట్టి చూపిస్తే అప్పుడు ఒప్పుకుంది.

పళ్ళెం, గజ్జెలు

మే చివర్లో మాస్టారు గారి క్లాసులో ట్రయల్ చేశాం. నేనూ వెళ్ళాను. పళ్ళెం అంచు మీద నిలబడి అరమండిలో జరుగుతున్నప్పుడు ఫ్యాన్ మధ్య కుచ్చిళ్ళు పళ్ళెం కిందికి పోయాయి. ఒక్క క్షణం పాప తూలింది. నాకు ఊపిరి ఆగినంత పనైంది. మాస్టారు గారు తాళం ఆపారు.

నిలబడితే ఆ ఫ్యాన్ చీలమండకి నాలుగు అంగుళాలు పైనే ఉంది. అరమండిలో నడుము ఐదారు అంగుళాలు దిగుతుంది. మోకాళ్ళ మీదికి పరుచుకునే పక్క కుచ్చిళ్ళు ఎత్తుగానే ఉంటాయి, మోకాలి ఆసరా లేని మధ్య కుచ్చిళ్ళు నేరుగా పళ్ళెం దాకా వేలాడతాయి. మధ్యలో మూడు అంగుళాలు తగ్గించాలి. కింద కోస్తే అంచు పోతుంది. అందుకని పైన నడుము పట్టీలోంచి మధ్య ఎనిమిది కుచ్చిళ్ళని పైకి లాగి, పక్కలకి వచ్చేకొద్దీ తగ్గిస్తూ కుట్టాం. ఇప్పుడు కింద అంచు నెలవంకలాగా వచ్చింది. సర్దుబాటు కోసం చేసిన ఆ వంపే డ్రెస్సుకి అందం అయింది. అది చూసి ఇంకో ఇద్దరు పిల్లలు తమకీ అట్టాగే కావాలన్నారు.

ఆ రోజే ఇంకొకటి గమనించాం. పైజమా కింది అంచు లోపలి వైపు జరీ పోగులు పొడుగ్గా తేలి ఉన్నాయి. గజ్జెల కొక్కేలకి అవి తగులుకుంటున్నాయి. లోపల సన్నటి నూలు పట్టీ వేశాం.

జూన్ రెండో వారంలో నెల్లూరు పురమందిరంలో ఒక నృత్య కార్యక్రమం. నేను చివరి వరసలో కూర్చున్నాను, కావాలనే. నీలం లైటు పడ్డప్పుడు రాణి రంగు నల్లబడి అంచు మాయమైంది, అది మేము ముందు ఆలోచించలేదు. పసుపు లైటులో నెమలికంఠం నిండుగా కనపడింది. తరంగం వచ్చింది. పళ్ళెం దిగింది. పాప పూర్తి మండిలోకి కూర్చుంది. నా చేతులు కుర్చీని పట్టుకున్నాయి. తను మాత్రం పైజమా సంగతి మర్చిపోయింది. ముఖంలో తెలిసింది. ఆ కూర్చోవడంలో వెనకాముందూ చూసుకోవడం లేదు. పక్కన అవ్వ, "నా చీర చూడు ఎట్టా ఊగతందో" అని నా మోచెయ్యి పట్టుకుంది.

మర్నాడు డ్రెస్సుని లోపలి వైపు తిప్పి, పాపా నేనూ కిటికీ దగ్గర కూర్చుని అంగుళం అంగుళం చూశాం. సీటు కుట్టు దగ్గర ఒక్క పోగు జరగలేదు. డైమండ్ ముక్క చుట్టూ శుభ్రంగా ఉంది. ఎడమ చంక దగ్గర చెమట ఆరి తెల్లటి గీత కట్టింది. తర్వాత ఊడదీసి ఉతుక్కునే చంక ప్యాడ్లు పెట్టాం. వీపు హుక్కుల్లో మూడోది వంగింది. దాన్ని తీసి, పక్కపక్కనే రెండు కుట్టాం. లోపలి పట్టీ వేసినా కుడి కాలి అంచులో ఆరు జరీ పోగులు లేచాయి. కుడి కాలి గజ్జెల కొక్కెం మొనే అరిగి గరుకుగా ఉందని తేలింది. డ్రెస్సుని నీడలో, లైనింగ్ బయటికి వేసి ఆరబెట్టి, ఫ్యాన్‌ని మడతల వెంటే మడిచి పీలికలతో కట్టి, పాత నూలు చీరలో చుట్టి పెట్టింది. సెంటు నేరుగా పట్టు మీద కొట్టొద్దని వాళ్ళమ్మకి కూడా చెప్పింది, జరీ నల్లబడుతుందని.

ఖర్చు చీరకి 4,200, లైనింగ్ నాలుగు మీటర్లు 280, కోరా ఐదు మీటర్లు 300, దారాలు, హుక్కులు, బకరం, బొందు కలిపి 350. మొత్తం 5,130 రూపాయలు. పదకొండు వారాల సమయం వేరు. అంత సమయం అందరికీ ఉండదు. పరీక్షల మధ్యలో ఉన్న పిల్లకి నేనిది చెప్పను. కనీసం పైజమా ఒక్కటి కోరాలో కుట్టుకుని ఆడి చూసి, ఆ కోరానే టైలరుకి ఇవ్వమని చెప్తాను. ఫోన్లో అంకెలు పంపడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

వెనక సీటు ముక్క మాత్రం ఇంకా నాకు తృప్తిగా లేదు. గిరికీల్లో పక్కకి జరుగుతోంది. వెల్క్రో పెడితే నిలబడుతుంది కానీ, పట్టు పోగుల్ని లేపేస్తోంది. ప్రెస్ బటన్లు పెట్టి చూస్తున్నాం.

పాప ఇప్పుడు డిగ్రీలో చేరింది. ఆదివారాలు వస్తుంది. పోయిన వారం తన వెంట తొమ్మిదేళ్ళ పిల్లని తీసుకొచ్చింది, క్లాసులో చిన్నది, మొదటి డ్రెస్సు. మాస్టారు గారి దగ్గర రాయించుకున్న భంగిమల కాగితం అప్పటికే చేతిలో ఉంది. పెరిగే పిల్ల కాబట్టి కాళ్ళ దగ్గర లోపలికి మూడు అంగుళాలు మడిచి ఉంచుదాం అంది. కొలవడం మొదలుపెడితే ఆ చిన్నది మండిలో ఎక్కువసేపు కూర్చోలేక కదిలిపోతోంది. పాప చున్నీ నడుముకి బిగించి కట్టుకుని, దాని ఎదురుగా తనూ మండి వేసి కూర్చుని, "నన్ను చూసి కూర్చో, లేచేది ఇద్దరం కలిసే" అని, టేపు ఒక కొస నా చేతికి ఇచ్చింది.